ఏకాస్‌లో రాజీయా, ట్రైబ్యునల్‌లో తీర్పా: ఏది మేలు?

బ్రిటన్‌లో ఉద్యోగం పోయి, ఆఖరి జీతమో నోటీసు సొమ్మో చేతికి రాక ఫోన్ చేసే మనవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఏకాస్ దగ్గర ఎంతో కొంతకు ఒప్పుకోమంటావా అన్నా, ట్రైబ్యునల్ దాకా వెళ్ళమంటావా?" ఏకాస్ అంటే ఉద్యోగికీ కంపెనీకీ మధ్య రాజీ కుదిర్చే సంస్థ, ట్రైబ్యునల్ అంటే ఉద్యోగ తగాదాల మీద తీర్పు చెప్పే కోర్టు లాంటిది. పోయిన ఏడాది ఇదే టెన్షన్‌తో నాకూ నిద్ర పట్టలేదు. ఒక చిన్న కన్సల్టెన్సీ నా నోటీసు జీతం, వాడుకోని సెలవుల డబ్బు ఎగ్గొట్టింది. చివరికి ఏకాస్‌లోనే తేల్చుకున్నాను. నా మొగ్గు ఎటో తెలిసిపోయింది కదా, అయినా రెండో వైపూ చెప్తాను.

ఖర్చుకు భయపడి వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది. 2013లో పెట్టిన ఫీజులను 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాబట్టి ఇప్పుడు కేసు వేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏకాస్ కూడా ఉచితమే. ఓడిపోయినా అవతలివాళ్ళ లాయరు ఖర్చు మామూలుగా మన మీద పడదు, కేసును అడ్డగోలుగా నడిపితే తప్ప. మన లాయరుకు పెట్టింది మాత్రం గెలిచినా మనదే భారం.

నన్ను రాజీ వైపు తిప్పింది డబ్బు కాదు, రెఫరెన్స్. జడ్జి మనకు రావాల్సిన జీతం ఇప్పించగలరు గానీ, "ఈ మనిషి బాగా పనిచేశాడు" అని రాసివ్వమని జీతం కేసులో కంపెనీని ఆదేశించలేరు. ఏకాస్ ద్వారా కుదిరే రాజీ ఒప్పందంలో (దాన్ని సీఓటీ3 అంటారు) ఆ రెఫరెన్స్‌ను అక్షరం పొల్లుపోకుండా రాయించుకోవచ్చు. ఇంకోటి, ట్రైబ్యునల్ తీర్పులు 2017 నుంచి ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి. స్మిత్‌లు వేలమంది ఉంటారు. మన ఇంటిపేరు, అసలు పేరు కలిపి కొడితే తేలేది మనం ఒక్కళ్ళమే! గెలిచిన కేసే అయినా, ఇంటర్వ్యూకి ముందు వెతికే హెచ్‌ఆర్‌కు "కంపెనీ మీద కేసు వేసినవాడు" అనే అనిపిస్తుంది. అన్యాయమే, కానీ నాకు వెంటనే ఇంకో ఉద్యోగం కావాలి.

స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేస్తేనే ఉండే ఉద్యోగ వీసా) మీదున్నవాళ్ళకు ఆ తొందర మరీ ఎక్కువ. వీసాలు చూసే హోం ఆఫీస్ మన వీసా కుదిస్తూ ఉత్తరం పంపితే మామూలుగా మిగిలేది 60 రోజులు. ట్రైబ్యునల్ విచారణకు ఏడాది దాటడం కొత్తేమీ కాదు. ఈలోగా ఇంటికి వెళ్ళిపోయినా కేసు పోదు, కానీ విదేశం నుంచి వీడియోలో సాక్ష్యం చెప్పాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని ముందే తేలాలి. అదో తతంగం.

గెలిస్తే డబ్బు వచ్చినట్టే అనుకోవద్దు. 2013లో ప్రభుత్వమే చేయించిన సర్వేలో, పరిహారం గెలిచినవాళ్ళలో పూర్తి సొమ్ము అందింది 49 శాతం మందికే.

అయితే వివక్ష కేసు వేరు. ఒంటి రంగు వల్లనో గర్భం వల్లనో తీసేశారంటే పరిహారానికి పరిమితి లేదు, తప్పు జరిగిందని రాతపూర్వకంగా చెప్పించుకోవడానికీ విలువుంది. అలాంటి చోట వెయ్యి పౌండ్లు చూపించి మూసేద్దామంటే నేనైతే సంతకం పెట్టను.

కంపెనీతో నేరుగా సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ కూడా చేసుకోవచ్చు, కానీ దానికి కంపెనీతో సంబంధం లేని సలహాదారు సంతకం తప్పనిసరి. జడ్జి దగ్గర మీడియేషన్ (మధ్యవర్తిత్వం) ఉంది గానీ, రెండు నెలల జీతం గొడవకు అంత దూరం అక్కర్లేదు.

ఎటు వెళ్ళినా కేసు వేసే గడువు మర్చిపోవద్దు: మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని ఆరు నెలలు చేసే చట్టం 2025లో వచ్చింది గానీ, తక్కువ లెక్కే పట్టుకుంటే నష్టం లేదు. కంపెనీలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాం కదా అని కూర్చుంటే ఈ గడువు ఆగదు. ఏకాస్‌కు నోటీసు ఇస్తేనే ఆగుతుంది, ఏకాస్ ఇచ్చే సర్టిఫికెట్ నంబరు లేకుండా ట్రైబ్యునల్ ఫారం తీసుకోరు.

ఏకాస్ ఆఫీసర్‌కు ఫోన్‌లో "సరే" అన్నా అది ఒప్పందం కిందే లెక్క, సంతకం దాకా ఆగదు. నాకు ఆ ఫోన్ బస్సులో ఉండగా వచ్చింది. అంకె బాగానే ఉంది, నోటి దాకా వచ్చిన మాటను మింగి "రేపు చెప్తానండీ" అన్నాను. ఆ రాత్రి కూర్చుని రెఫరెన్స్ నాలుగు లైన్లూ నేనే రాసి పొద్దున్నే పంపాను. ఒక్క పదం మార్చి ఒప్పుకున్నారు.