గుండె దడకు ఈసీజీయా, హోల్టరా, చేతి వాచీయా: ఏది మేలు?

మా అమ్మకు ఉన్నట్టుండి గుండె దడ వచ్చేది. ఐదు నిమిషాలు గబగబా కొట్టుకుని మళ్లీ మామూలే. ఆటో ఎక్కి ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోయేది. ఈసీజీ తీస్తే నార్మల్. మూడుసార్లూ ఇదే కథ. ‘టెన్షన్ అంతేనమ్మా’ అని పంపేశారు. ‘ఏం లేకపోతే ఈ దడేంటిరా?’ అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈసీజీ తప్పు చెప్పలేదు. దడ లేనప్పుడు తీశారు, అంతే. కాళ్లకూ చేతులకూ నాలుగు, ఛాతీ మీద ఆరు ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒకే గుండెను 12 వైపుల నుంచి చూస్తారు, ఆ ఒక్కో చూపునే ‘లీడ్’ అంటారు. కాగితం మీది గీతలో మొదట వచ్చే చిన్న బుడిపె ‘పి’, గుండె పై గదుల్లో కరెంటు పాకిన గుర్తు. నిటారుగా లేచేది ‘క్యూఆర్ఎస్’, కింది గదులది. తర్వాతి ‘టి’ అవి తేరుకోవడం. ఇంత వివరం మిగతా రెండిట్లో రాదు. కానీ రికార్డయ్యేది దాదాపు 10 సెకన్లే.

ఛాతీ నొప్పి, చెమటలు ఉంటే మాత్రం ఏది మేలని ఆలోచిస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, ముందు 12 లీడ్ల ఈసీజీయే కావాలి. ఈసీజీ తీసే స్మార్ట్ వాచీకి గుండెపోటును పట్టుకోవడం చేతకాదు. ‘అంతా బాగుంది’ అని అది చూపించినా నమ్మి ఇంట్లో ఉండిపోకూడదు.

హోల్టర్ అంటే ఒకటి రెండు రోజులు ఒంటి మీదే ఉండే ఈసీజీ. అమెరికాలో నార్మన్ హోల్టర్ తయారుచేసిన తొలి యంత్రాన్ని వీపున మోయాల్సి వచ్చేది, బరువు దాదాపు 38 కిలోలు. ఇప్పుడు అరచేతిలో పడుతుంది. దడ వచ్చిన టైము రాసిపెట్టమంటారు. రెండో రోజు అమ్మ రాసింది: ‘సాయంత్రం 4:20, పప్పు తాలింపు పెడుతుంటే.’ ఆ టైము దగ్గర డాక్టరుగారు వేలు పెట్టి చూపించారు. ఈసీజీ కాగితం మీద చిన్న, పెద్ద గడులు ఉంటాయి. అంతవరకు నాలుగు పెద్ద గడులకో క్యూఆర్ఎస్, అక్కడి నుంచి ఒకటిన్నర గడికే ఒకటి. పెద్ద గడి అంటే 0.2 సెకను, చిన్నది అందులో ఐదో వంతు. అంటే నిమిషానికి 75 నుంచి ఒక్క ఉదుటున 200. టెన్షన్‌తో అయితే వేగం మెల్లమెల్లగా పెరుగుతుంది, ఇలా దూకదు. ఆ ఒక్క గీత చూశాక నాకు ఏడుపొచ్చింది, అమ్మ మాట అన్నాళ్లూ నిజమే కదా అని.

అందుకే రోజూనో రోజు విడిచి రోజో దడ వచ్చేవాళ్లకు నా ఓటు హోల్టర్‌కే. నెలకోసారి వస్తే హోల్టర్ డబ్బు వృథా కావచ్చు. అప్పుడు ఈసీజీ ఉన్న వాచీయే మేలు. దడ మొదలవగానే వేలు ఆనించి 30 సెకన్లు కదలకుండా ఉంటే చాలు, ఆ గీతను డాక్టరుకు చూపించొచ్చు. స్పృహ తప్పి పడిపోయేవాళ్లకు వాచీ చాలదు, పడిపోతూ వేలెలా పెడతారు? వాళ్లకు చర్మం కింద అమర్చే, గుండె లయను తనంతట తానే రికార్డు చేసే లూప్ రికార్డర్ ఉంది.

అమ్మ పాత ‘నార్మల్’ కాగితాలూ వృథా పోలేదు. డాక్టరుగారు మొదట అడిగింది వాటినే. కరెంటుకు పుట్టుకతో అడ్డదారి ఉంటే పి మొదలైన చోటు నుంచి క్యూఆర్ఎస్ దాకా దూరం మూడు చిన్న గడుల కంటే తగ్గుతుందట, అది వెతికారు. లేదు. ఒక కాగితం మీద మాత్రం గీతలు సగం వెలిసిపోయాయి. థర్మల్ పేపర్ అంతే, తీసిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.