డ్రాక్యులాని తేదీల ప్రకారం చదివాక

కౌంట్ డ్రాక్యులా ఎవరో తెలియని వాళ్ళు లేరు కాబట్టి కథంతా మళ్ళీ చెప్పను. బ్రామ్ స్టోకర్ నవల 1897లో వచ్చింది, ఆ తర్వాత వచ్చిన సినిమాలు చూసేసి పుస్తకం కూడా చదివేసినట్టే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. కాలేజీ రోజుల నుంచి నా దగ్గరున్న పుస్తకం ఇది, అట్ట ఊడిపోతే అతికించుకుని మరీ దాచుకున్నాను. ఇన్నేళ్ళలో దీని మీద ఇష్టం పెరుగుతూ వచ్చిందంటే అది ఆ కోట వల్లా కాదు, కోరల వల్లా కాదు. ఇందులో ఉన్న తేదీల వల్ల.

నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు. మే 3న మొదలై నవంబర్ 6న ముగుస్తుంది, ఆఖర్న ఏడేళ్ళ తర్వాత రాసిన ఒక చిన్న గమనిక తప్ప. పుస్తకంలో ఇవి తేదీల వరసలో ఉండవు. ఇల్లు కొనే వ్యవహారం మీద కౌంట్ దగ్గరికి వెళ్ళిన ఇంగ్లీషు లాయరు జోనథన్ హార్కర్ ఆ కోటలో రాసుకున్న డైరీ జూన్ 30 దాకా ఏకబిగిన నడుస్తుంది, అప్పుడు మళ్ళీ వెనక్కి మే నెలకి వెళ్ళి ఇంగ్లండులో అతను పెళ్ళి చేసుకోబోయే మీనా, ఆమె స్నేహితురాలు లూసీ రాసుకున్న ఉత్తరాలు మొదలవుతాయి. ఈమధ్య నేనూ మా అక్కా కలిసి దీన్ని క్యాలెండర్ పట్టుకుని చదివాం, ఏ తేదీ కాగితం ఆ తేదీనే. ఇలా చదివేవాళ్ళు బయట చాలామందే ఉన్నారు, మేం కనిపెట్టిందేమీ కాదు. కానీ ఇన్నిసార్లు చదివిన పుస్తకం ఇంత కొత్తగా కనిపిస్తుందని మాత్రం అనుకోలేదు.

మొదట్లోనే, మే 9న, గట్టి దెబ్బ తగిలింది. ముందు రోజు హార్కర్ గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడ్డ కౌంట్ అద్దంలో కనిపించడు, రక్తం చూడగానే గొంతు పట్టుకోబోతాడు, ఆ తర్వాత అద్దాన్ని కిటికీలోంచి విసిరేస్తాడు. తలుపులన్నీ లాగి చూసి, ఈ కోటలో నేను ఖైదీని అని రాసుకుంటాడు హార్కర్. మర్నాడే మీనా లూసీకి రాస్తోంది: జోనథన్ దగ్గర్నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి, బాగానే ఉన్నాడట, వారంలో వచ్చేస్తాడట. పుస్తకంలో ఈ రెంటికీ మధ్య బోలెడన్ని పేజీలు ఉంటాయి, కాబట్టి ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసింది లేదు. పెట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

మే 19 డైరీ ప్రకారం, ముందు రాత్రి కౌంట్ ఎంతో మర్యాదగా హార్కర్ చేత మూడు ఉత్తరాలు రాయిస్తాడు. పని కావచ్చిందని ఒకటి, రేపు పొద్దున బయల్దేరుతున్నానని ఒకటి, కోట వదిలి ఆ దారిలోని బిస్ట్రిట్జ్ ఊరు చేరానని ఒకటి. తేదీలు కూడా తనే చెబుతాడు: జూన్ 12, జూన్ 19, జూన్ 29. అంటే తన ఆయుష్షు ఎప్పటిదాకానో హార్కర్‌కి లెక్క తేలిపోయింది. మామూలుగా చదివితే ఇక్కణ్ణుంచి జూన్ 29కి ఒక్క పూటలో వెళ్ళిపోతాం. క్యాలెండర్ ప్రకారం అయితే ఆరు వారాలు. ఆఫీసుకి వెళ్తున్నా, ఇంట్లో ఆవకాయకి కాయలు కొట్టిస్తున్నా, అక్కడ ఒక మనిషి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడన్న ధ్యాస వదలదు. మధ్యలో మే 24న లూసీ ఉత్తరం: ఒక్క రోజులో ముగ్గురు మగవాళ్ళు నన్ను పెళ్ళి చేసుకుంటామని అడిగారు అని. ఎంత సంబరంగా రాస్తుందో! జూన్ 12 వచ్చింది, పుస్తకంలో ఆ రోజు ఒక్క ముక్క లేదు. మే 31 తర్వాత జూన్ 17 దాకా హార్కర్ డైరీ రాయనేలేదు. ఆ ఖాళీ కాగితం మీద ఎప్పుడూ కనబడలేదు నాకు, పేజీ తిప్పితే తర్వాతి తేదీ వచ్చేస్తుంది కదా.

జూన్ 30 నుంచి ఆగస్టు 12 దాకా అతను బతికున్నాడో లేదో మనకీ తెలియదు. మధ్యలో జూలై 26న మీనా రాస్తుంది, జోనథన్ పనిచేసే ఆఫీసు పెద్దాయన ద్వారా ఒకే ఒక్క వాక్యం ఉన్న ఉత్తరం అందిందట, డ్రాక్యులా కోట నుంచి ఇప్పుడే బయల్దేరుతున్నానని. ఇది జోనథన్ తీరు కాదు అంటుంది. మే నెలలో కౌంట్ దగ్గరుండి రాయించిన ఉత్తరాల్లో ఒకటి ఇన్నాళ్ళకి గమ్యం చేరింది! దాన్ని రాయించినప్పుడు చూసినవాళ్ళం మనమే, అందుకున్న మనిషికి చెప్పలేనివాళ్ళమూ మనమే. ఇదంతా మా అమ్మకి చెబుతుంటే, అప్పట్లో దుబాయ్ వెళ్ళిన మామయ్య ఉత్తరాలు నెలకి గాని వచ్చేవి కావని, వచ్చిన ఉత్తరంలో "కులాసా" అని ఉన్నా అది నెల కిందటి కులాసాయే కదా అని అమ్మమ్మకి నిద్ర పట్టేది కాదని చెప్పింది. నవల చదవకుండానే అసలు విషయం పట్టేసింది మా అమ్మ.

ఆగస్టు 24 గురించి కూడా చెప్పాలి. బుడాపెస్ట్ ఆసుపత్రిలో మీనా, హార్కర్‌ల పెళ్ళి అవుతుంది. కోటలో జరిగిందంతా ఉన్న నోటుబుక్కుని మీనా చదవకుండా తెల్ల కాగితంలో చుట్టి, మెడలోని నీలి రిబ్బన్ కట్టి, లక్క పోసి, పెళ్ళి ఉంగరంతో ముద్ర వేస్తుంది. భర్త మీద నమ్మకంతో, ప్రేమతో. సరిగ్గా అదే తేదీన ఇంగ్లండులో లూసీ, నేను కూడా మీనాలాగా అన్నీ రాసి పెట్టుకోవాలి అంటూ డైరీ మొదలుపెట్టి, పీడకలల గురించి, నీరసం గురించి రాసుకుంటుంది. లూసీ జబ్బేమిటో చెప్పగల పుస్తకం ఆ లక్క కింద నెల రోజులు ఉండిపోయింది. మీనా దాన్ని విప్పేది సెప్టెంబర్ 23న. లూసీ పోయింది 20న.

ఇక సెప్టెంబర్ 17. వీలైతే ఆ ఒక్క రోజు కాగితాలన్నీ ఒకే రాత్రి కూర్చుని చదవండి. లూసీకి వైద్యం చేస్తున్న ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఆంట్వర్ప్ నుంచి తన పాత శిష్యుడు డాక్టర్ సీవార్డ్‌కి టెలిగ్రామ్ కొడతాడు, ఈ రాత్రి లూసీ ఇంట్లో ఉండు, వెల్లుల్లి పూలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయో లేదో చూడు, మరిచిపోవద్దు అని. అడ్రసులో జిల్లా పేరు లేదు. టెలిగ్రామ్ ససెక్స్ వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇరవై రెండు గంటలు ఆలస్యం. ఆ రాత్రి సీవార్డ్ తన డైరీలో, అదృష్టం కొద్దీ వాన్ హెల్సింగ్ పిలవలేదు, ఇవాళ హాయిగా పడుకోవచ్చు అని రాసుకుంటాడు. లూసీ గది కిటికీ పగలగొట్టుకుని తోడేలు తల లోపలికి వచ్చిందీ, భయంతో వాళ్ళమ్మ గుండె ఆగిందీ ఆ రాత్రే. అదే రోజు మీనా తన కొత్త కాపురం గురించి లూసీకి సంతోషంగా ఉత్తరం రాసింది, దాని పైన ఒక చిన్న మాట: ఆమె విప్పలేదు. ఏ సినిమాలోనూ ఇది చూడలేదు నేను. భయమంటే నాకు ఇదీ, మన దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి, వాళ్ళ దగ్గర తలా ఒకటే ఉంది.

అయితే ఇలా చదివితే పోయేవి కూడా ఉన్నాయి. కౌంట్‌ని ఇంగ్లండుకి తెచ్చిన డిమీటర్ ఓడ సంగతే చూడండి. పుస్తకంలో ముందు తుఫాను, విట్‌బీ రేవులోకి దూసుకొచ్చిన ఓడ, చక్రానికి చేతులు కట్టేసుకుని చచ్చిపోయి ఉన్న కెప్టెన్, ఆ తర్వాతే అతని లాగ్‌బుక్ చదువుతాం. తేదీల ప్రకారం అయితే లాగ్ జూలై 6 నుంచే మొదలై, ఓడ రేవుకి చేరేలోపు అందరూ పోయారని తెలిసిపోతుంది. స్టోకర్ కూర్చిన వరసలో ఉన్న బిగువు ఇక్కడ చెడింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మొదటిసారి చదివేవాళ్ళు పుస్తకంలో ఉన్నట్టే చదువుకోవడం మంచిది.

అక్టోబర్‌కి వచ్చేసరికి క్యాలెండర్ పద్ధతి మాకూ భారమైంది. అక్టోబర్ 3 ఒక్క రోజుదే ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే తెమిలేది కాదు. కానీ నాకు కోపం అందుకు కాదు. అందరి డైరీలూ టైపు చేసి, తేదీల వరసలో పేర్చి, ఎక్కడేం జరిగిందో మొదటిసారి అందరికీ అర్థమయ్యేలా చేసింది మీనా. ఆ పని పూర్తయిన సెప్టెంబర్ 30 రాత్రే మగవాళ్ళంతా కలిసి, ఆడపిల్ల భయపడుతుంది, ఇకనుంచి ఏదీ ఆమెకి చెప్పొద్దని తీర్మానిస్తారు. ఆ తర్వాత రెండు రోజులూ హార్కర్ తన డైరీలో, మీనా మొహం పాలిపోయి ఉంది, ఎంత లేపినా లేవడం లేదు అని రాస్తూనే ఉంటాడు. లూసీకి మొదలైందీ ఇలాగే అని ఆ గదిలో ఒక్కరికీ తట్టదు. అంతకుముందు ఆలస్యాలు పోస్టువల్ల, దూరంవల్ల. ఇది చేజేతులా చేసుకున్నది. అక్క, వాళ్ళకి బుద్ధి రావడానికే రచయిత అలా రాశాడు అంటుంది, కావచ్చు, తర్వాత వాళ్ళు నాలిక కరుచుకుని మీనాని మళ్ళీ కలుపుకుంటారు, కౌంట్ ఏ నదిమీద వెళ్తున్నాడో లెక్కగట్టి చెప్పేది కూడా ఆమే. అయినా ఆ మూడు రోజుల పేజీలు ఇప్పటికీ పళ్ళు బిగబట్టే చదువుతాను.

మిగతావాళ్ళు ఏమంటారంటే, మా అక్కకి మొదటి నాలుగు అధ్యాయాల తర్వాత కౌంట్ దాదాపు కనిపించకపోవడం నచ్చలేదు. డాక్టరు చదివిన మా కజిన్ అయితే, గ్రూపు చూడకుండా నలుగురి రక్తం లూసీకి ఎక్కించడం దగ్గరే పుస్తకం మూసేశాడు, రక్తం గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ బయటపెట్టింది 1901లో, నవల వచ్చిన నాలుగేళ్ళకి అని తెలిసే కోప్పడ్డాడు. ఆఫీసులో ఒకాయన, రక్తపిశాచి పగలు లండన్ వీధుల్లో ఎలా తిరుగుతుంది అన్నాడు. ఈ నవలలో ఎండ తగిలితే చావడు, పగలు బలం తగ్గుతుంది అంతే. ఎండకి మాయమైపోవడం 1922 నాటి నోస్ఫెరాటు సినిమాతో వచ్చింది.

విట్‌బీ ముసలాయన యాస నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది, కొత్తవాళ్ళు ఆ పేజీలు దాటేసినా నష్టం లేదు. వాన్ హెల్సింగ్ ప్రసంగాలు కూడా అక్కడక్కడా సాగదీసినట్టే ఉంటాయి. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంగ్లీషు మూలం ఉచితంగానే దొరుకుతుంది. నాకు పాత ఉత్తరాలన్నా డైరీలన్నా మొదట్నుంచీ ఇష్టం, పక్కన చదివే మనిషి కూడా దొరికింది, అందుకే ఆరు నెలలు సాగింది. చిన్నపిల్లలున్న ఇంట్లోనో, షిఫ్టుల ఉద్యోగంలోనో ఉంటే ఏ తేదీది ఆ తేదీన అనే నియమం నాలుగు రోజుల్లో తప్పిపోతుంది. అలాంటప్పుడు మే 8 నుంచి 24 దాకా, ఆగస్టు 24, సెప్టెంబర్ 17, ఈ ముక్కలు మటుకు విడిగా పక్కపక్కన పెట్టుకుని చదివి చూడండి.