ప్రో ప్యాకా, ఫ్లాట్ ప్యాకా: పారాచూట్ మడత కొత్తగా నేర్చేవాళ్ళకు ఏది మేలు?

అనంతపురంలో మా ఇంటి హాలు పొడవు 18 అడుగులు. కింద తాడిపత్రి బండలు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున సోఫా గోడకు జరిపి, జంపఖానా పరిచి, అక్కడ ఒక పాత పారాచూట్ మడుస్తున్నాను. 230 చదరపు అడుగుల కానపీ (గాలిలో విచ్చుకునే గుడ్డ) అది. దాంతో ఇక ఎవరూ దూకరు, చెయ్యి తిరగడానికని తెచ్చుకున్నాను. నాలాగా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళందరికీ వచ్చే సందేహం ఒకటుంది. నేల మీద పరిచి మడిచే ఫ్లాట్ ప్యాక్ నేర్చుకోవాలా, నిలబడి భుజం మీద వేసుకుని మడిచే ప్రో ప్యాక్ నేర్చుకోవాలా? రెండూ చేసి చూశాను. నేను ప్రో వైపే. కానీ ఫ్లాట్‌ను చులకన చేయడానికి మనసు రాదు, ఎందుకంటే నాకు కానపీ అంటే ఏమిటో అర్థమైంది దాని దగ్గరే.

ముందు మడత ఎందుకో చెప్పాలి. స్కైడైవింగ్ పారాచూట్ గొడుగులా గుండ్రంగా ఉండదు. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో అడ్డగోడలు. ఏడో తొమ్మిదో గదులు. ముందువైపు తెరిచి ఉన్న నోళ్ళలోంచి గాలి దూరి అది రెక్కలా గట్టిపడుతుంది. ముందు నుంచి వెనక్కి ఏ, బీ, సీ, డీ అని నాలుగు వరుసల తాళ్ళు, తోకకు బ్రేకు తాళ్ళు. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడుతున్న మనిషి మీద ఇంత గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు. అందుకే స్లైడర్ అనే చిన్న చదరపు గుడ్డ తాళ్ళను దగ్గరగా పట్టి ఉంచి, మెల్లగా కిందికి జారుతూ కానపీని నిదానంగా తెరుచుకోనిస్తుంది. మనం మడిచేది సంచిలో పట్టించడానికి మాత్రమే కాదు, ఏది ముందు, ఏది వెనక బయటికి రావాలో ఆ వరుస కుదర్చడానికి.

ఫ్లాట్ ప్యాక్‌లో కానపీని ఒక పక్కకు పడుకోబెడతాం. తాళ్ళన్నీ ఒకవైపు, నోళ్ళన్నీ ఒకే దిక్కుకు. ఒక్కో గదిని అంతకుముందు పరిచిన గది మీద పరుస్తూ, అరచేత్తో గాలి తోస్తూ పోవాలి. నేను మొదటిసారి చేస్తున్నప్పుడు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ధర్మవరం పుట్టిల్లు, పట్టుచీరల మడతలు చూస్తూ పెరిగిన మనిషి. "ఇట్ల కాదు పాపా, ముందర అంచులన్నీ ఒక గీతకు తెచ్చుకో, మడత తర్వాత" అని తానే కూర్చుని రెండు పొరలు సరిచేసింది. నెలల తరువాత మా శిక్షకుడు నేర్పిందీ అదే.

ఫ్లాట్‌లో గొప్ప ఏమిటంటే గుడ్డ ఎక్కడికీ పారిపోదు. సగంలో ఆపి మంచినీళ్ళు తాగి రావచ్చు. భుజం నొప్పి లేదు. పొట్టివాళ్ళకు, నడుము సరిలేనివాళ్ళకు నిజంగా హాయి. కానీ చోటు కావాలి: నా కానపీ పడుకుంటే అడ్డంగానే పదడుగులు ఆక్రమిస్తుంది. నేల శుభ్రంగా ఉండాలి. ఒకసారి మిద్దె మీద ప్రయత్నించాను. సిమెంటు గరుకుకు తాళ్ళు రాసుకున్నాయి, గాలికి ఎర్రమట్టి ఎగిరొచ్చి మడతల్లో కూర్చుంది. అమ్మ ఒక పల్లేరుకాయ ఏరి చూపించింది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, నైలాన్‌ను సూర్యుడిలోని అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. మన జిల్లాలో మిద్దె మీద పారాచూట్ పరిచే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

అంతకన్నా పెద్ద లోపం మడత ఆకారంలోనే ఉంది. కానపీ పక్కకు పడుకుని ఉంటుంది కాబట్టి నోళ్ళన్నీ ఒకే దిక్కుకు చూస్తాయి, ఎడమా కుడీ సమంగా ఉండవు. తెరుచుకునేటప్పుడు పక్కకు తిరిగే అవకాశం ఎక్కువ. చుట్టుపక్కల వేరేవాళ్ళు కూడా దూకి ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

ప్రో ప్యాక్ పేరు చూసి ఆరితేరినవాళ్ళదనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. అసలు పేరు ప్రాపర్ రామ్ ఎయిర్ ఓరియెంటేషన్. గాలిలో ఎట్లా ఉంటుందో అట్లే నిలువుగా వేలాడదీసి మడవడం అని దాని భావం. మొదట రైజర్ల (తాళ్ళను భుజం పట్టీలకు కలిపే పట్టీల) దగ్గర మొదలుపెట్టి, వేళ్ళ సందుల్లో తాళ్ళ వరుసలు విడివిడిగా పట్టుకుని, స్లైడర్‌ను ముందుకు తోసుకుంటూ కానపీ దాకా నడవాలి. అక్కడ మొత్తాన్నీ భుజం మీదికి ఎత్తుకోవాలి. ముందువైపు నోళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టి మోకాళ్ళ మధ్య ఇరికించుకోవాలి. తరువాత ఏకీ బీకీ మధ్య, బీకీ సీకీ మధ్య గుడ్డను కుచ్చిళ్ళలా ఎడమకూ కుడికీ లాగాలి. తాళ్ళు నడిమధ్యలో ఒక కట్టగా ఉంటాయి, గుడ్డంతా రెండు పక్కలా సమంగా. స్లైడర్‌ను పైదాకా, ఆపుడు బిళ్ళలకు తగిలేలా లాగి నాలుగు పాయలుగా సర్దాలి. చివరికి తోకను ముందుకు తెచ్చి అన్నిటికీ చుట్టి, అంచులు కలిపి చుట్టచుట్టాలి.

చెప్పినంత సులువు కాదు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. కానపీ అడుగుభాగం నేల మీద కుప్పపడేది. పావుగంటకే భుజం లాగేది. మొదటి నెలలో ఒక్కో మడతకు గంటకు పైగా పట్టింది. అయినా నాలుగో ఆదివారానికి ఒక సంగతి తెలిసింది: తాళ్ళు నా మెడ పక్కనే, నా చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడు అనుమానమొస్తే అప్పుడు తడిమి చూసుకోవచ్చు. ఫ్లాట్‌లో పొరలు పేర్చాక అడుగున ఏం జరిగిందో చూడాలంటే మళ్ళీ విప్పాల్సిందే. నా తీర్పుకు కారణం ఇదే.

ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చే తప్పులు చాలావరకు మడత అందంలో ఉండవు. డ్రాప్ జోన్‌లో, అంటే దూకుళ్ళు జరిగే చోట, మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా మడిచి, మూసి, శిక్షకుడి ముందు పెట్టాను. మడత ముచ్చటగా ఉంది. ఆయన పైలట్ చూట్ (సంచిని బయటికి లాగే చిన్న పారాచూట్) నాడాకున్న చిన్న కిటికీలోకి చూశారు. రంగు కనపడలేదు. లోపలి తాడు లాగి పైలట్ చూట్‌ను సిద్ధం చేయడం మరిచిపోయాను. ఆ చిన్న చూట్ గాలి పట్టకపోతే సంచిని బయటికి లాగదు, ఇక రెండో పారాచూట్ అయిన రిజర్వే దిక్కు. ఆయన ఏమీ అనలేదు, పిన్ను తీసి మొత్తం నా చేతికిచ్చారు. ఆ మధ్యాహ్నం మళ్ళీ మొదటినుంచి మడిచాను. చేతులు చల్లబడి ఉన్నాయి. బ్రేకులు బిగించామా, స్లైడర్ పైదాకా ఉందా, తాళ్ళు మెలిపడకుండా ఉన్నాయా, పైలట్ చూట్ సిద్ధమా: ఈ నాలుగింటికీ బుర్ర ఖాళీగా ఉండాలి. ప్రో ప్యాక్‌లో వీటిలో రెండు నిలబడిన చోటే చేతికి తగులుతాయి.

సంచిలో పెట్టేటప్పుడు రెండు పద్ధతులకూ తేడా లేదు, రెండింట్లోనూ ఏడిపించేది అదే. బొంత మీద మోకాళ్ళేసి గాలి తీసినట్టు తీసి, సంచి వెడల్పుకు సరిచేసి, ఎస్ ఆకారంలో మడిచి, జారిపోకముందే దూర్చాలి. ఇక్కడ పద్ధతి కన్నా గుడ్డే ముఖ్యం. గాలి కొద్దిగా పోనిచ్చే పాతరకం ఎఫ్-111 మాట వింటుంది. గాలి చొరని జెడ్‌పీ కొత్తదైతే తడిసిన సబ్బుబిళ్ళే. అందుకని నేర్చుకునేవాళ్ళు పాత కానపీతో మొదలుపెట్టడం మేలు. తరువాత కొత్త జెడ్‌పీ మీదికి వెళ్ళినప్పుడు సంచి దగ్గర మళ్ళీ కొంత తిప్పలు తప్పవు.

డబ్బిచ్చి ప్యాకర్ చేత మడిపించుకుంటే పోదా అని మా అన్న అడిగాడు. రోజుకు నాలుగైదుసార్లు దూకేవాళ్ళు అట్లే చేస్తారు, తప్పులేదు. కానీ అమెరికాలో 'ఏ' (A) అనే మొదటి లైసెన్సుకు 25 దూకుళ్ళతో పాటు సొంతంగా మడవడమూ వచ్చి తీరాలి. రిజర్వ్ పారాచూట్‌ను మాత్రం లైసెన్సున్న రిగ్గరే (పారాచూట్లు మడిచి, బాగుచేసే నిపుణుడే) మడవాలి, అక్కడ 180 రోజులకొకసారి. దాని జోలికి మనం పోకూడదు. ఇంట్లో ఎన్నిసార్లు మడిచినా, దూకబోయే మెయిన్‌ను (మామూలుగా తెరిచే పారాచూట్‌ను) మొదట్లో శిక్షకుడో రిగ్గరో పక్కనుండి చూడాల్సిందే.

మీకు భుజమో నడుమో సహకరించకపోతే ఫ్లాట్‌నే పట్టుకోండి, దాంతోనూ ఏళ్ళతరబడి దూకినవాళ్ళున్నారు. లేకపోతే రెండు మూడు పూటలు ఫ్లాట్ చేసి, గదులూ తాళ్ళూ కళ్ళారా చూసుకుని, ప్రోకు మారిపోండి. రెండూ కలిపి నెలలు లాగితే ఏ చేతికీ అలవాటు కుదరదు. నేను ఆ పొరపాటు ఆరు వారాలు చేశాను.

పోయిన ఆదివారం ప్రో ప్యాక్‌కు 32 నిమిషాలు పట్టింది. పిన్ను పెట్టాక అమ్మే నాడా కిటికీలోకి వంగి చూసి, "ఆకుపచ్చ కనపడతా ఉంది" అంది.