ఆరేళ్ల గ్రామ సచివాలయం: సేవ గడప దాకా వచ్చింది, కబురే రావడం లేదు

ప్రకాశం జిల్లాలో పొగాకు, శనగ పండించే ఒక పెద్ద ఊరు మాది. మండల కేంద్రానికి పద్నాలుగు కిలోమీటర్లు. 2018లో మా తమ్ముడి కూతురి స్కాలర్‌షిప్పు కోసం ఆదాయ ధ్రువపత్రం అవసరమైనప్పుడు నేను మూడు రోజులు మండల కేంద్రానికి తిరిగాను. మొదటి రోజు మీసేవలో దరఖాస్తు పెట్టడంతో, రెండో రోజు వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) గారి కోసం ఎదురుచూడడంతో గడిచిపోగా, మూడో రోజు సాయంత్రం బస్సు వెళ్లిపోయే ముందు కాగితం చేతికొచ్చింది. నిరుడు అదే పిల్లకు అదే పత్రం మళ్లీ కావలసి వచ్చింది. మా వీధి చివరనున్న గ్రామ సచివాలయానికి చెప్పులు వేసుకుని నడిచివెళ్లి, డిజిటల్ అసిస్టెంటుకు వివరాలు చెప్పి, వేలిముద్ర వేసి, రసీదు తీసుకుని ఇరవై నిమిషాల్లో ఇంటికి వచ్చాను. ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు సచివాలయ వ్యవస్థకు మంచి మార్కులు వేయక తప్పదు. అయితే ఆ రసీదు తీసుకున్న తరువాత ఏం జరిగిందన్నది కూడా ఈ సమీక్షలో చెప్పవలసిన విషయమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యవస్థ 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో ప్రారంభమైంది. రాష్ట్రం మొత్తం మీద పదిహేను వేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పాటయ్యాయి. గ్రామాల్లో సుమారు రెండు వేల జనాభాకు ఒకటన్నది లెక్క. పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంటు, సంక్షేమ విద్యా సహాయకుడు, వీఆర్వో, సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ, పశుసంవర్ధక సహాయకులు, ఏఎన్ఎం, మహిళా పోలీసు, కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటు ఇలా ఒక్కో శాఖ నుంచి ఒక్కొక్కరు ఒకే కప్పు కింద కూర్చోవాలన్నది ఆలోచన. మా ఊళ్లో తొలి రోజుల్లో పాత పంచాయతీ కార్యాలయంలోనే ఇరుక్కుని కూర్చున్నారు. కుర్చీలు చాలక సర్వేయరు కిటికీ గట్టు మీద రిజిస్టరు పెట్టుకుని రాసుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. తరువాత కొత్త భవనం లేచింది. దాని రంగుల గురించి మాత్రం అడగవద్దు. పంచాయతీ భవనాల మీది పార్టీ రంగులు తీసివేయాలని 2020లో హైకోర్టు చెప్పవలసి వచ్చిన రాష్ట్రం మనది. మా భవనం గోడను గోటితో గీకితే పొరలు పొరలుగా ఇటీవలి రాజకీయ చరిత్ర బయటపడుతుంది.

ఇక రసీదు సంగతి. సచివాలయంలో దరఖాస్తు తీసుకుంటారు, వీఆర్వో పరిశీలిస్తారు, అంతవరకు ఊళ్లోనే జరుగుతుంది. అక్కడి నుంచి అది కంప్యూటరులోనే మండల కార్యాలయానికి ప్రయాణం కట్టి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు లాగిన్‌లో కొంతకాలం, తహసీల్దారు లాగిన్‌లో కొంతకాలం విశ్రమిస్తుంది. నా దరఖాస్తు ఊరి పరిధి దాటడానికి ఒక్క పూట పడితే, తహసీల్దారు డిజిటల్ సంతకం పడడానికి పదకొండు రోజులు పట్టింది. 2018లో మూడు రోజులు తిరిగి తెచ్చుకున్న పత్రం కోసం నిరుడు పదకొండు రోజులు ఇంట్లోనే కూర్చుని ఎదురుచూశాను. నా బస్సు చార్జీలూ పనిరోజులూ మిగిలాయి కనుక లాభమే, కాదనను. కానీ దరఖాస్తు తీసుకునే చోటు మాత్రమే ఊళ్లోకి వచ్చిందనీ, సంతకం పెట్టే అధికారం మండలంలోనే ఉండిపోయిందనీ అర్థం చేసుకోకుండా సచివాలయానికి వెళ్లే మనిషి అక్కడి డిజిటల్ అసిస్టెంటు మీద అనవసరంగా కేకలు వేస్తాడు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది దరఖాస్తును పైకి పంపే అధికారం మాత్రమే. 2022 జనవరిలో ఏపీ సేవ పోర్టల్ వచ్చిన తరువాత దరఖాస్తు ఏ అధికారి దగ్గర ఆగిందో చూసుకునే వీలు కలిగింది. నా అనుభవంలో ఈ వ్యవస్థలో జరిగిన మంచి మార్పుల్లో ఇది ముఖ్యమైనది, ఎందుకంటే కాగితం ఎక్కడ ఆగిందో చెప్పగలిగితే మండల కార్యాలయంలో మన మాటకు కొంత బలం వస్తుంది.

నేను ఎక్కువగా గమనించింది పింఛను వ్యవహారం, ఎందుకంటే మా అమ్మ పింఛనుదారు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్ల పాటు పచ్చి పొగాకు ఆకును కర్రలకు కట్టిన చేతులు ఆమెవి, వేళ్ల మీద గీతలు దాదాపు మిగలలేదు. ప్రతి నెలా ఒకటో తేదీ తెల్లవారుజామున, ఇంటింటికీ సేవలు అందించడానికి అప్పట్లో ప్రభుత్వం పెట్టిన వాలంటీరు కుర్రాడు మా అరుగు మీద కూర్చుని, ఆమె బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు యంత్రం మీద పెట్టించేవాడు. పడకపోతే కొబ్బరినూనె రాయించేవాడు, తడిగుడ్డతో తుడిపించేవాడు. ఏడెనిమిది ప్రయత్నాల తరువాత పచ్చ గుర్తు కనిపించగానే వాళ్లిద్దరూ పరీక్ష పాసైనట్లు నవ్వుకునేవారు. తరువాత ముఖాన్ని ఫొటో తీసి గుర్తించే పద్ధతి రావడంతో ఈ బాధ చాలావరకు తీరింది. అయితే ఫోను ముందు కళ్లజోడు తీయమంటే అమ్మకు ఇప్పటికీ కోపం వస్తుంది.

2024 వేసవి మాత్రం ఆమెకు బాగా గుర్తుండిపోయింది. ఎన్నికల నియమావళి కారణంగా వాలంటీర్లు పింఛను పంచరాదని ఎన్నికల సంఘం ఆదేశించడంతో, ఏప్రిల్ నెల పింఛను కోసం ఆమె సచివాలయం ముందు వేసిన షామియానా కింద కూర్చోవలసి వచ్చింది. మే నెలలో డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. పడిందన్న సంగతి తెలియక మరో మూడు రోజులు ఎదురుచూసింది. ఆ ఏడాది జూలై ఒకటిన పెంచిన నాలుగు వేలు, అంతకు ముందరి మూడు నెలలకు వెయ్యి చొప్పున బకాయి కలిపి ఏడు వేల రూపాయలు సచివాలయ ఉద్యోగే ఇంటికి తెచ్చి ఇచ్చారు. అప్పటి నుంచి ఈ పని ఉద్యోగులే చేస్తున్నారు. ఒకటో తేదీ సెలవు దినమైతే ముందు రోజే ఇస్తున్నారు. పింఛను పంపిణీ విషయంలో ప్రభుత్వాలు మారినా పద్ధతి చెడలేదని నా అభిప్రాయం. ఇబ్బందల్లా ఆ ఒకటో తేదీన మధ్యాహ్నం దాకా సచివాలయంలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఆ రోజు వేరే పని పెట్టుకుని వెళ్లకండి.

పింఛనుకు సంబంధించే ఒక చేదు అనుభవమూ ఉంది. 2022 చివర్లో అర్హతల పునఃపరిశీలన జరిగినప్పుడు, మా కుటుంబం నెలకు మూడు వందల యూనిట్లకు మించి కరెంటు వాడుతోందని అమ్మ పేరిట నోటీసు వచ్చింది. మా ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, నాలుగు దీపాలు ఉన్నాయి. నిండు వేసవిలో కూడా బిల్లు నూట ఇరవై యూనిట్లు దాటదు. ఆరా తీస్తే, మేము ఎన్నడూ అడుగుపెట్టని ఒక పట్నపు ఇంటి మీటరు అమ్మ ఆధార్ సంఖ్యకు ముడిపడి ఉందని తేలింది. ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో చెప్పేవారు లేరు. సంక్షేమ సహాయకుడు ఇది విద్యుత్ శాఖ పని అన్నారు. విద్యుత్ కార్యాలయంలో మా రికార్డు సరిగానే ఉంది, సచివాలయంలో సరిచేయించుకోండి అన్నారు. చివరకు మా ఎనర్జీ అసిస్టెంటు తన సొంత చొరవతో ఆ మీటరు సంఖ్య పట్టుకుని, అసలు యజమాని వివరాలు తేల్చి, మాకు సంబంధం లేదన్న లేఖను పైకి పంపించాడు. సవరణ పడడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా పింఛను ఆగలేదు, అంతవరకు అదృష్టం. నాకు దీని వల్ల తెలిసిందేమిటంటే, కంప్యూటరులో తప్పు నమోదు కావడానికి ఒక్క మీట చాలు, దాన్ని తీయించడానికి మాత్రం ఊళ్లో ఒక మంచి మనిషి ఉండాలి. ఆ కుర్రాడు తరువాత బదిలీ మీద వెళ్లిపోయాడు.

ఇంతవరకు సేవల గురించి రాశాను. కబుర్ల సంగతికి వస్తే నా మార్కులు బాగా తగ్గుతాయి.

మా చిన్నతనంలో పంచాయతీ కబురంటే టముకు. సాయంత్రం వేళ నాలుగు వీధుల కూడళ్లలో డప్పు మోగించి, రేపు పన్ను కట్టాలనో, ఎల్లుండి పశువులకు టీకాలనో చాటింపు వేసేవారు. అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవారు. వాలంటీర్ల కాలంలో యాభై ఇళ్లకు ఒకరు ఉండేవారు కనుక, వాళ్ల మీద ఉన్న రాజకీయ విమర్శలు ఎలా ఉన్నా, కబురు మాత్రం గడప దాటి లోపలికి వచ్చేది. రేషన్ కార్డుకు ఈకేవైసీ గడువు ఎల్లుండితో ముగుస్తుందని మా అమ్మకు ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు. ఆ వ్యవస్థ 2024 తరువాత కొనసాగలేదు. పింఛను పంపిణీని ఉద్యోగులు అందుకున్నారు గానీ, ఆ కబురు చేరవేసే పనిని ఎవరూ అందుకోలేదు. వాలంటీర్ల నాటి వాట్సాప్ గ్రూపు ఇంకా బతికే ఉంది. అందులో శుభోదయాలు, పెళ్లి పత్రికలు, తప్పిపోయిన గేదె ఫొటోల మధ్యన ఎక్కడో ఒకచోట పంచాయతీ ప్రకటన ఉంటుంది. పంటల బీమా గడువు గురించి వచ్చిన సందేశాన్ని నేను గడువు ముగిసిన నాలుగో రోజున చూశాను.

సచివాలయం గోడకు నోటీసు బోర్డు ఉంది, దానికి గాజు తలుపు, తాళం కూడా ఉన్నాయి. లబ్ధిదారుల జాబితాలు, సామాజిక తనిఖీ కోసం పెట్టిన పేర్లు అందులోనే అంటిస్తారు. ఇది మంచి పద్ధతి, ఎవరి పేరు ఉందో ఎవరి పేరు లేదో అందరూ చూడవచ్చు. కానీ మా బోర్డు మీద కొత్త కాగితాన్ని పాత కాగితం మీదనే అంటిస్తారు, చాలా కాగితాల మీద తేదీ ఉండదు. అభ్యంతరాలు ఏడు రోజుల్లో తెలపాలని రాసి ఉంటుంది. ఎప్పటి నుంచి ఏడు రోజులో మాత్రం ఉండదు.

గ్రామసభల విషయంలో కొంత మెరుగుదల కనిపించింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిపినప్పుడు మా ఊళ్లో రామాలయం ముందు వేపచెట్టు కింద అరవై మంది దాకా కూర్చున్నాం. అంతమంది గ్రామసభకు రావడం నేను అంతకుముందు చూడలేదు. ఉపాధి హామీ కింద చేపట్టే పనులు చదివి వినిపించారు. మా వీధి మురుగుకాల్వ గురించి ఒక ముసలామె లేచి అడిగిన ప్రశ్నకు జవాబుగా ఆ పని పేరును అక్కడికక్కడే జాబితాలో చేర్చారు. మరునాడు రిజిస్టరు ఇంటింటికీ తిరిగి మరికొన్ని సంతకాలు పోగుచేసుకోవడం కూడా చూశాను, అది వేరే సంగతి.

డబ్బు లెక్కలు తెలుసుకోవాలనుకునేవారికి కేంద్రం 2020లో తెచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటు ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో తాగునీటికి, పారిశుద్ధ్యానికి అరవై శాతం కేటాయించాలన్న నిబంధన 2021-26 కాలానికి పెట్టారు. మన పంచాయతీ ఆ డబ్బును దేనికి ఖర్చు పెట్టిందో ఓచరు వారీగా అందులో చూడవచ్చు. ఆ నిధులను రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీల విద్యుత్ బకాయిల కింద జమకట్టుకుందని సర్పంచులు రోడ్డెక్కిన రోజుల్లో నేను దాన్ని మొదటిసారి తెరిచాను. బ్లీచింగ్ పొడి, మోటారు మరమ్మతు, పైపులు అన్నీ ఉన్నాయి. అర్థం చేసుకోవడానికి ఓ పూట పట్టింది, అయినా ఆ తరువాత గ్రామసభలో నేను అడిగిన ప్రశ్నకు కార్యదర్శి గారు కళ్లజోడు సరిచేసుకుని జవాబు చెప్పారు.

2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవను కూడా ఏడాదికి పైగా వాడుతున్నాను. 95523 00009 సంఖ్యకు సందేశం పంపితే తెలుగులోనే పట్టిక వస్తుంది. నూట అరవై ఒక్క సేవలతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ వచ్చారు. కరెంటు బిల్లు కట్టడం వంటి చిన్న పనులకు ఇది చాలా హాయిగా ఉంది. రాత్రి పదింటికి పొలం నుంచి వచ్చి కూడా పని ముగించుకోవచ్చు. చదువు, స్మార్ట్‌ఫోను రెండూ ఉన్నవారు సచివాలయానికి వెళ్లకుండానే సగం పనులు చేసుకోగలరు. అవి లేనివారికి మాత్రం సచివాలయమే దిక్కు. మా అమ్మ దృష్టిలో ప్రభుత్వమంటే ఒకటో తేదీన వచ్చే మనిషి, అంతే.

కొత్తగా వాడేవారికి నా సూచన ఒకటే: దరఖాస్తు ఇచ్చాక రసీదు తప్పక అడగండి, దాని ఫొటో తీసి పెట్టుకోండి, చెప్పిన గడువు దాటితే ఆ సంఖ్యతోనే సోమవారం మండలంలో జరిగే ఫిర్యాదుల కార్యక్రమానికి వెళ్లండి. నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ వారంలోపు కదలిక వచ్చింది.

నోటీసు బోర్డు విషయంలో మాత్రం నేనే ఒక పని మొదలుపెట్టాను. ప్రతి శనివారం సాయంత్రం సచివాలయం మూసే వేళకు వెళ్లి, గాజు తలుపు మీద పడే వెలుగు తప్పించుకుంటూ, బోర్డు మీద ఉన్న కాగితాలన్నింటినీ ఫొటోలు తీసి మా వీధి గ్రూపులో పెడుతున్నాను. పోయిన వారం ఇళ్లస్థలాల జాబితా ఫొటో పెట్టగానే తాపీపని చేసే ఒకాయన "ఇది ఎప్పటిది సార్?" అని అడిగాడు. కాగితమంతా వెతికాను, తేదీ లేదు. సోమవారం పొద్దున వెళ్లి కార్యదర్శి గారిని అడిగితే, ఆయన జేబులోంచి పెన్ను తీసి, గాజు తలుపు తాళం చెవి కోసం అటెండరును కేకేశారు.