పొలం ఇంటి సోలార్‌కు లెడ్ యాసిడ్ బ్యాటరీయా, లిథియమా?

ములుగు వైపు కరెంటు తీగ చేరని పొలం ఇంటికి సోలార్ పెట్టుకునేవారు ముందుగా వాట్లకూ వాట్-అవర్లకూ తేడా గ్రహించాలి. వాట్లు పరికరం ఆ క్షణంలో లాగే శక్తి, వాట్-అవర్లు అది నడిచినంతసేపూ అయ్యే మొత్తం ఖర్చు. 500 వాట్ల మిక్సీ 6 నిమిషాలు తిరిగితే 50 వాట్-అవర్లే ఖర్చవుతాయి. తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను రాత్రి 10 గంటలు తిరిగితే 300 అవుతాయి. కనుక ఒక్కసారిగా ఎక్కువ వాట్లు మోయాల్సిన ఇన్వర్టరును మిక్సీని బట్టి, రాత్రంతా సరిపడా వాట్-అవర్లు దాచాల్సిన బ్యాటరీని ఫ్యానును బట్టి ఎంచుకోవాలి.

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో (ఆ రెండు అంకెలనూ గుణిస్తే) 1,800 వాట్-అవర్లు ఉన్నా, అది మన్నాలంటే సగమే, అంటే 900 మాత్రమే వాడుకోవాలి. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 1,280లో 80 శాతమే తీసుకున్నా 1,024 ఇస్తుంది. మొదటిది కొనేటప్పుడు చవకే. కానీ డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, మన మే నెల ఎండలకు దాని ఆయుష్షు బాగా తగ్గుతుంది. రోజూ మనుషులుండే ఇంటికైతే నేను లిథియాన్నే, అదీ నీడపట్టున పెట్టి, వాడమంటాను.