మూర్ మార్కెట్ తుపాకీకి చింతాద్రిపేటలో వైద్యం

మా తాతయ్య మద్రాసు మూర్ మార్కెట్‌లో ఎప్పుడో కొన్న ఒక పాత తుపాకీ అవశేషాలు మా ఇంటి అటక మీద గోనెసంచిలో దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. తుప్పు కట్టిన ఎనిమిది పలకల ఇనుప గొట్టం, గుర్రం (కొట్టి పేల్చే సుత్తి) విరిగిపోయిన లాక్ (తుపాకీని పేల్చే యంత్రాంగం), మూడు ముక్కలైన కర్ర, ఒక ఇత్తడి మూత మాత్రమే అందులో మిగిలాయి. వీటిని గుర్తించి, బాగుచేయగలిగినంత బాగుచేసి ఇచ్చిన చింతాద్రిపేటలోని ఒక చిన్న వర్క్‌షాపు పనితీరు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. యజమాని ప్రచారం వద్దన్నారు, పైగా చివర్లో ఒక ఫిర్యాదు కూడా ఉన్నందువల్ల దుకాణం పేరు ఇవ్వడం లేదు.

మొదటి రోజు ఆయన సంచి విప్పడానికి కూడా ఒప్పుకోలేదు. పేల్చడానికి, మరమ్మతు చేసినా సరే, పనికిరాని పాతకాలపు ఆయుధాలకు 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నప్పటికీ, ఫలానా వస్తువు ఆ కోవలోకి వస్తుందని తేల్చవలసింది తాను కాదని, పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెచ్చాకే ముట్టుకుంటానని చెప్పారు. ఆ కాగితం కోసం మూడు వారాలు తిరిగినప్పుడు నాకు విసుగు కలిగిన మాట నిజమే గాని, తరువాత జరిగినది చూశాక ఆ పట్టుదలను తప్పు పట్టలేకపోతున్నాను.

కాగితం అందిన రోజున ఆయన చేసిన మొదటి పని తుప్పు వదిలించడం కాదు. సన్నని చెక్క కడ్డీని గొట్టంలోకి చివరి దాకా దించి, మూతి దగ్గర గీత పెట్టి, బయటికి తీసి అదే కడ్డీని గొట్టం పక్కన ఆనించి చూశారు. లోపలి లోతు నిప్పు రంధ్రం దాకా రావలసింది, దాదాపు మూడు అంగుళాల ముందే ఆగిపోయింది. తుపాకీలో మందూ గుండూ ఇంకా ఉన్నాయన్నమాట. నల్ల తుపాకీమందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా చావదని ఆయన చెబుతుంటే, చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఆ గొట్టాన్ని భుజాన వేసుకుని మేడ మీద సిపాయిలాట ఆడిన దృశ్యం కళ్ల ముందు కదిలింది. ఆయన స్టేషన్‌కు మళ్లీ కబురు పెట్టి, గొట్టం నిండా నీళ్లు పోసి రెండు రోజులు నానబెట్టి, కొసన మర ఉన్న కడ్డీతో సీసపు గుండును బయటికి లాగారు. దానికి చుట్టిన గుడ్డ పీలికలు కూడా దానితో పాటే వచ్చాయి.

ఆ గుడ్డ పీలికలే గుర్తింపుకు తొలి ఆధారమయ్యాయి. గొట్టం లోపల మెలితిరిగిన ఏడు గాళ్లున్నాయి. గుండును నూనె రాసిన గుడ్డలో చుట్టి దింపితే ఆ గాళ్లు గుడ్డను పట్టుకుని గుండును తిప్పుతూ పంపుతాయి. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ పరిసరాల్లో, జర్మన్ మాట్లాడే తుపాకీ పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట రైఫిల్‌ను పొడిగించి, సన్నబరచి తయారుచేసిన అమెరికన్ లాంగ్ రైఫిల్ పద్ధతి ఇదేనట. అయితే ఆయన ఒక్క ఆధారంతో తీర్పు చెప్పే మనిషి కాదు. లాక్ మీద ఇంగ్లీషు తరహా ముద్ర చెరిగిపోయి కనిపిస్తుంటే ఇది ఇంగ్లండు తుపాకీ అని మా ఇంట్లో అనుకునేవాళ్లం. అమెరికా పనివాళ్లు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన లాకులను కొని తమ తుపాకులకు బిగించుకోవడం మామూలేనని, లాకును బట్టి తుపాకీ పుట్టిల్లు చెప్పకూడదని వివరించారు. కర్ర ముక్కను తాజాగా కోసి భూతద్దం కింద చూపించినప్పుడు, టేకులో వలయాలుగా కనిపించే పెద్ద రంధ్రాలు ఇందులో లేవు, అలల్లాంటి చారలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: మేపుల్ చెక్క. భుజానికి ఆనించే మడమ భాగంలో కీలుతో తెరుచుకునే ఇత్తడి పెట్టె మూత కూడా అమెరికా వైపే వేలు చూపింది, ఎందుకంటే జర్మన్ వేట రైఫిళ్లలో ఆ మూత ఎక్కువగా జారుడు చెక్కతోనే ఉండేది.

లాక్ పలకలో పూడ్చిన రంధ్రాలను బట్టి ఇది మొదట చెకుముకి రాయితో పేలేదని, తరువాత క్యాప్‌తో (గుర్రం కొడితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో) పేలేలా మార్చారని తేలింది. అలాంటి మార్పులు 1820ల నుంచి విస్తృతంగా జరిగాయి. గొట్టం మూతిని కూడా ఎవరో కోసేశారు. కింది వైపు కర్రకు బిగించే మూడు కొక్కేల మధ్య దూరాలు చూస్తే, ముందు భాగం కొంత పోయిందని మనకే తెలుస్తుంది. తయారీదారు పేరు చెప్పమని నేను ఎంత అడిగినా, సంతకం చెరిగిపోయిన చోట పేరు రాయడం అబద్ధమని నిరాకరించారు. నెల్లూరులో 1840లో అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాదిరీలెవరో దీన్ని తెచ్చారని మా తాతయ్య చెప్పిన కథను నివేదికలో "కుటుంబం చెప్పినది" అన్న శీర్షిక కింద విడిగా రాశారు తప్ప చరిత్రలో కలపలేదు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

మరమ్మతు విషయానికొస్తే, చాకలి సోడా నీటిలో, ఎగ్మూరు మ్యూజియం ప్రయోగశాలలో కంచు విగ్రహాలకు చేసినట్టే విద్యుత్తుతో, తుప్పు తీయడం లాక్‌లోని చిన్న ఇనుప భాగాలకే పరిమితం చేశారు. గొట్టం మీద మిగిలిన గోధుమ రంగు పూత కూడా తుప్పు జాతిదే కాబట్టి, ఆ పద్ధతిలో పూత కూడా పోతుందని, దాన్ని నూనెతో నానబెట్టి మెత్తని కంచు పీచుతో చేత్తోనే తుడిచారు. పుచ్చిన కర్రలోకి అసిటోన్‌లో కరిగించిన రెసిన్‌ను ఎక్కించి గట్టిపరచి, అవసరమైతే మళ్లీ విడదీయగలిగే జిగురుతో అతికారు. లేని ముందు కర్రను కొత్తగా చెక్కకుండా, చూడగానే వేరని తెలిసే లేత రంగు చెక్క ఆధారం మీద గొట్టాన్ని నిలబెట్టారు. విరిగిన గుర్రానికి బదులు కొత్తది పెట్టనే లేదు.

మొత్తం ఐదు నెలలు పట్టింది, మొదట చెప్పినది రెండు నెలలు. ఖర్చు ఇరవై రెండు వేల రూపాయలు. నివేదికలో ఫొటోలు సరిపోలేదు, పని మధ్యలో తీసినవి మరీ తక్కువ. అన్నింటికన్నా పెద్ద పొరపాటు సహాయకుడు చేశాడు: ఇత్తడి మూతను పూజగిన్నెలా తళతళలాడించి రెండు వందల ఏళ్ల నలుపును ఒక్క పూటలో పోగొట్టాడు. యజమాని దాన్ని దాచకుండా ముందే ఫోన్ చేసి చెప్పి, బిల్లులో రెండు వేలు తగ్గించారు. ఆ మూతకు మాత్రం మైనం పూయకుండా వదిలేయమని, గాలికి దాని నలుపు అదే తెచ్చుకుంటుందని సలహా ఇచ్చారు. తిరువాన్మియూరులో సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉన్న మా ఇంట్లో, మూడు నెలలకే అంచుల వెంబడి మళ్లీ రంగు మారడం మొదలైంది.