పాత కీ వాచీకి సర్వీసు: తిరిగిన చోట్లు, తేలిన తేడాలు

ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న కీ వాచీని మళ్ళీ చేతికి పెట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది ఖర్చు కాదు, దాన్ని విప్పేది ఎవరన్నది. ఆ పని మీద నేను రకరకాల చోట్లకు వెళ్ళాను.

బ్యాటరీలు మార్చే కౌంటరులో మూత తీసి, పైనుంచి ఒక చుక్క నూనె వేస్తే నడుస్తుందన్నారు. నడుస్తుంది, కొన్నాళ్ళు. లోపల ఎండి గట్టిపడిన పాత నూనె, దుమ్ము కొత్త నూనెలో కలిసి ఇరుసులను అరగదీస్తాయి. వెంటనే వాచీ తీసుకుని వచ్చేశాను.

కంపెనీ సర్వీసు కేంద్రంలో మర్యాద, రశీదు, గ్యారంటీ అన్నీ ఉన్నాయి. కాకపోతే డయల్, ముళ్ళు కొత్తవి వేసి, కేసుకు పాలిష్ పట్టి ఇస్తామన్నారు. పాలిష్‌లో అరిగిన అంచులు మళ్ళీ రావు. అసలు డయల్ పోతే ఆ వాచీలో మిగిలేది తక్కువ. అక్కడే ఇవ్వదలిస్తే ఈ రెండూ వద్దని రశీదు మీద రాయించుకోండి. విడిభాగాలు ఇంకా దొరికే కొత్త మోడళ్ళకైతే నేనూ అక్కడికే వెళ్తాను.

చివరికి వాచీ ఇచ్చింది ఒంటరిగా పనిచేసుకునే ఒక పెద్దాయనకు. నా ఎదుటే మూత తీసి, భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. ఇరుసు కొన తిరిగే ఎర్రరాయి చుట్టూ గోధుమరంగు వలయం. అదే ఎండిన నూనె! తర్వాత టిక్ టిక్ విని వాచీ నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం మీద పెట్టారు. ఇలాంటి పాత వాచీలు చాలావరకు గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటాయి. అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఊపు 190 డిగ్రీలే చూపింది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి ఉంచితే, ఆరోగ్యంగా ఉన్న వాచీలో అది 270కి పైగా ఉండాలి.

పూర్తిగా విప్పి, కడిగి, ఒక్కో చోటికి ఒక్కో నూనె వేశారు. పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నుగా వదిలే పాలెట్ ఫోర్కు అనే చిన్న మీట ఇరుసులకు మాత్రం అసలు వేయరట. కీ ఇస్తే బిగిసి వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు కొత్తది. పాతది నాకు తిరిగి ఇచ్చారు. అది ఉండే డబ్బాలోంచి తీసినా విచ్చుకోకుండా చుట్టగానే ఉండిపోయింది, అంత బలం పోయింది దానికి. ఇక్కడి లోటు ఆలస్యమే. పని పూర్తయ్యేదాకా చాలా ఓపిక పట్టాలి, రశీదు కూడా అడిగితేనే ఇస్తారు.

చీకట్లో మెరిసేలా రంగు వేసిన బాగా పాత డయల్ అయితే ఆ మాట ముందే చెప్పండి. 1960ల దాకా రేడియం రంగు వాడేవారు. మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు కాబట్టి దాన్ని ఇంట్లో విప్పవద్దు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒకే వేళకు, బిగుతు తగిలేదాకా కీ ఇస్తున్నాను. నీటికి, స్పీకర్లలోని అయస్కాంతాలకు దూరంగా ఉంచుతున్నాను. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే అయస్కాంతం పట్టిందేమోనని అనుమానించాలి. దాన్ని తీయించడం క్షణాల పని. ప్రస్తుతం రోజుకు పది పదిహేను సెకన్లు ముందు నడుస్తోంది. కొత్త స్ప్రింగు కుదురుకున్నాక సరిచేయించాలి.